ఫ్రాంచెస్కో: ఒక జాతి పేరు మనిషి పేరైన చరిత్ర

రోమన్ల భాష అయిన లాటిన్ నుంచి కాలక్రమంలో విడివడిన ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి, కటలాన్, రుమేనియన్ మొదలైన భాషలను భాషాశాస్త్రజ్ఞులు రోమాన్స్ భాషలు అంటారు. ఈ భాషలు మాట్లాడే నేలల్లో మగపిల్లలకు పెట్టే పేర్లలో, దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా వాడుక చెడకుండా సాగుతున్న పేరు ఒకటి ఉంది. ఇటలీలో అది ఫ్రాంచెస్కో, స్పెయిన్‌లోను పోర్చుగల్‌లోను ఫ్రాన్సిస్కో, ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా, కటలోనియాలో ఫ్రాన్సెస్క్, రుమేనియాలో ఫ్రాన్చిస్క్. ఇంగ్లీషు ద్వారా తెలుగువారికి చేరిన రూపం ఫ్రాన్సిస్. ఈ పేరు మొదట వ్యక్తి పేరుగా పుట్టలేదు. ఒక జాతిని సూచించే విశేషణంగా పుట్టి, ఇటలీలోని ఒక చిన్న పట్టణంలో ఒక బట్టల వర్తకుడి కొడుకుకు ముద్దుపేరై, ఆ కొడుకు బతికిన తీరు వల్ల లోకమంతటా వ్యాపించింది. అదే మూలపదం మరొక దారిన, అరబ్బులూ పారశీకులూ నడిచిన దారిన, తూర్పుకు వచ్చి తెలుగులో ఫిరంగి అనే మాటగా స్థిరపడింది. ఈ రెండు దారులనూ కలిపి చూసినప్పుడే ఆ పేరు చరిత్ర సంపూర్ణమవుతుంది.

క్రీస్తు శకం 3వ శతాబ్దం మధ్యభాగంలో, రైన్ నది దిగువన రోమన్ సామ్రాజ్యపు ఎల్లలను ఆనుకుని నివసించిన కొన్ని జర్మానిక్ తెగలు ఒక కూటమిగా ఏర్పడి, రోమన్ల రాతల్లో ‘ఫ్రాంకి’ అనే పేరుతో కనబడసాగాయి. ఆ మాటకు అర్థం ఏమిటన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ తెగలవారు వాడిన ఒక రకం ఈటె పేరు నుంచి అది వచ్చిందని కొందరు, ధైర్యమూ ఉగ్రతా గలవారని చెప్పే విశేషణం నుంచి వచ్చిందని కొందరు భావించారు. ‘స్వేచ్ఛ గలవాడు’ అనే అర్థం మాత్రం తరవాత చేరినదే. నేటి ఫ్రాన్స్‌కు ఆనాటి పేరైన గాల్ దేశాన్ని ఫ్రాంకులు జయించి పాలించిన కాలంలో, పూర్తి పౌరహక్కులూ పన్నుల మినహాయింపులూ వారికీ, వారి అండలో ఉన్నవారికీ మాత్రమే దక్కడంతో, ఫ్రాంకు అంటే కట్టుబాట్లు లేనివాడు అనే అర్థం లాటిన్‌లో స్థిరపడింది. సినిమాల విషయంలోను క్రికెట్ జట్ల విషయంలోను ఈనాడు తెలుగు పత్రికలు నిత్యం వాడే ఫ్రాంచైజీ అనే మాట కూడా, ప్రత్యేక హక్కు లేదా మినహాయింపు అనే ఈ అర్థం నుంచి పుట్టినదే.

511లో మరణించిన క్లోవిస్ అనే ఫ్రాంకు రాజు కతోలిక క్రైస్తవాన్ని స్వీకరించడంతో ఆ జాతికీ రోమ్ పీఠానికీ బంధం మొదలైంది; 800వ సంవత్సరం డిసెంబరు 25న రోమ్ నగరంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్‌కు పోపు చక్రవర్తి కిరీటం పెట్టడంతో ఆ బంధం పరాకాష్ఠకు చేరింది. ఫ్రాంకుల దేశం ఫ్రాన్సియా అయింది. అదే నేటి ఫ్రాన్స్. ‘ఫలానావారికి చెందిన’ అనే అర్థమిచ్చే ఒక జర్మానిక్ ప్రత్యయాన్ని లాటిన్ పద్ధతిలోకి మార్చి ఫ్రాంకుల పేరుకు చేర్చగా, ఫ్రాంకిస్కుస్ అనే విశేషణం ఏర్పడింది. ఇటాలియన్ నోట అది ఫ్రాంచెస్కో అయింది. అంటే 12వ శతాబ్దంలో ఇటలీవారికి ఫ్రాంచెస్కో అనే మాట వినగానే స్ఫురించేది ఒక మనిషి కాదు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వస్తువో, ఆ దేశస్థుడో. ఉత్తరాది నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి రోమ్‌కు యాత్రికులు నడిచి వచ్చే బాటను ఫ్రాంచీజెనా అన్నారు; ఫ్రాన్స్ సంతల్లో కొని తెచ్చిన ఉన్నిబట్టలు ‘పాన్నీ ఫ్రాంచెస్కీ’ అయ్యాయి.

ఈ బట్టల వ్యాపారంతోనే పేరు కథ మొదలవుతుంది. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్ ఈశాన్య భాగంలోని షాంపేన్ ప్రాంతంలో త్రువా, ప్రొవాఁ మొదలైన పట్టణాలలో వంతులవారీగా పెద్ద సంతలు జరిగేవి. ఉత్తరాది నేతగాళ్లు నేసిన ఉన్నిబట్టలకూ, ఇటలీ వర్తకులు తెచ్చే పట్టుకూ, తూర్పు దేశాల సుగంధద్రవ్యాలకూ అవి కూడలి. మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో కొండవాలున ఉన్న అస్సీసీ పట్టణం నుంచి పియెత్రో ది బెర్నార్దోనే అనే బట్టల వర్తకుడు ఫ్రాన్స్‌తో వ్యాపారం చేసేవాడు. 1181లోనో 1182లోనో ఆయనకు కొడుకు పుట్టినప్పుడు, భర్త ఊళ్లో లేకపోవడంతో తల్లి పికా బిడ్డకు జ్ఞానస్నానం చేయించి జొవాన్నీ అని పేరు పెట్టిందనీ, ఫ్రాన్స్ నుంచి తిరిగి వచ్చిన తండ్రి ఆ పేరు మార్చి ఫ్రాంచెస్కో అన్నాడనీ ఆ కుర్రవాడి తొలి జీవితచరిత్రకారులు రాశారు. జొవాన్నీ అంటే యోహాను. బైబిలు నుంచి వచ్చిన పవిత్రమైన పేరు. దాని స్థానంలో తండ్రి ఎంచుకున్నది తనకు డబ్బూ పరువూ తెచ్చిపెట్టిన దేశం పేరు. తెలుగువారు సింహాచలం, అన్నవరం, శ్రీశైలం, యాదగిరి అని పిల్లలకు స్థలనామాలు పెట్టుకోవడం వెనక అక్కడ వెలసిన దేవుడి మీది భక్తి ఉంటుంది. అస్సీసీ వర్తకుడు పెట్టిన పేరు వెనక ఉన్నది మాత్రం వ్యాపారమే. అంతకుముందు ఆ పేరు గలవారు బొత్తిగా లేకపోలేదు గాని, బహు అరుదు.

బట్టల మూటల మీది ఇష్టంతో పుట్టిన ఆ పేరును మోసిన మనిషి, సుమారు 1206లో అస్సీసీ బిషప్పు ఎదుట, ఊరంతా చూస్తుండగా తన ఒంటిమీది బట్టలు సైతం విప్పి తండ్రి చేతిలో పెట్టి, ఆస్తి హక్కును వదులుకున్నాడు. ఈ పేరు చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు. ఆ తరవాత ఆయన కుష్ఠురోగులకు సేవ చేస్తూ, శిథిలమైన చిన్న గుళ్లను తన చేతులతో బాగుచేస్తూ, భిక్షతో బతికాడు. కలిసి వచ్చిన కొద్దిమందితో రోమ్‌కు వెళ్లగా 1209లో మూడవ ఇన్నొసెంట్ పోపు వారి జీవన విధానాన్ని నోటిమాటగా అంగీకరించాడు. 1223లో మూడవ హొనోరియుస్ పోపు వారి నియమావళిని రాతపూర్వకంగా ధ్రువీకరించాడు. ఆ సభ్యులు తమను ‘చిన్న సోదరులు’ అని పిలుచుకున్నారు. లోకం వారిని ఫ్రాన్సిస్కన్లు అంది. సూర్యుణ్ణీ గాలినీ సోదరులనీ, నీటినీ చంద్రుణ్ణీ సోదరీమణులనీ పిలిచి దేవుణ్ణి కీర్తించిన ఆయన గీతం, పండితుల లాటిన్‌లో కాక ఉంబ్రియా జనం మాట్లాడే భాషలో కూర్చినది కావడంతో, ఇటాలియన్ సాహిత్యపు తొలి రచనలలో ఒకటిగా లెక్కకు వస్తుంది. 1226 అక్టోబరు 3న ఆయన మరణించగా, రెండేళ్లు తిరగకుండానే 1228 జూలై 16న తొమ్మిదవ గ్రెగరీ పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. కతోలిక సంప్రదాయంలో పునీతుడంటే, స్వర్గంలో దేవుని సన్నిధిలో ఉండి భక్తుల కోసం ప్రార్థించగలవాడని చర్చి అధికారికంగా గుర్తించిన వ్యక్తి. ఆ గుర్తింపుతో ఫ్రాంచెస్కో అనే మాట చర్చి పంచాంగంలోకి ఎక్కింది. ఆయన పండుగ అయిన అక్టోబరు 4 ఆ పేరుగలవారందరికీ నామదినం అయింది.

పునీతుల పేర్లు పిల్లలకు పెట్టడం ఇటలీలో అనాదిగా ఉన్న ఆచారం కాదు. 11, 12వ శతాబ్దాల వరకు అక్కడ జర్మానిక్ మూలం గల పేర్లతో పాటు, మంచి జరగాలని కోరుతూ పెట్టిన పేర్లు విస్తారంగా ఉండేవి. ‘నీ రాక శుభం కావాలి’ అనే అర్థం గల బెంచివెన్నీ, ‘దేవుడు నిన్ను కాపాడుగాక’ అనే అర్థం గల దియోతిసాల్వీ అటువంటివి. 13వ శతాబ్దంలో పట్టణాలు పెరిగి, భిక్షువుల సభలు ఆ పట్టణాల నడిబొడ్డున మఠాలు కట్టి, జనం భాషలో ప్రసంగాలు చేయడం మొదలుపెట్టాక, పాత పేర్లు వెనకబడి జొవాన్నీ, పియెత్రో, ఆంతోనియో, ఫ్రాంచెస్కో వంటి కొద్ది పేర్లు ముందుకు వచ్చాయి. దీనికి తోడు టస్కనీ ప్రాంతంలో, మరణించిన పెద్దల పేర్లు పిల్లలకు పెట్టి వారిని మళ్లీ నిలబెట్టుకోవడం కుటుంబధర్మంగా ఉండేది. తాత పేరు మనవడికి పెట్టుకునే తెలుగువారికి ఈ ఆచారాన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ఒకసారి వంశంలోకి వచ్చిన ఫ్రాంచెస్కో, ఆ ఆచారం పుణ్యమా అని తరం విడిచి తరం తిరిగి వస్తూనే ఉండేవాడు.

ఒక పేరు జనంలో ఎంతగా కలిసిపోయిందో దాని కురచ రూపాలు చెబుతాయి. ఫ్రాంచెస్కో టస్కనీ వీధుల్లో చెక్కో అయ్యాడు. దక్షిణాన చీచ్చో అయ్యాడు. 1327లో ఫ్లోరెన్స్ నగరంలో మతద్రోహ నేరం మీద సజీవ దహనానికి గురైన జ్యోతిష పండితుడు చెక్కో దాస్కోలీ అసలు పేరు ఫ్రాంచెస్కో స్టాబీలి. స్పెయిన్‌లో ఈ పేరు పాకో, పాంచో, కుర్రో, కీకో అని అనేక రూపాలు తాల్చింది. పునీత ఫ్రాన్సిస్‌ను ‘సంఘపిత’ అనే అర్థంలో లాటిన్‌లో పాతెర్ కొమ్యునితాతిస్ అనేవారనీ, ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కలిస్తే పాకో వచ్చిందనీ ఒక ముచ్చట స్పెయిన్‌లో ప్రచారంలో ఉంది గాని, పసిపిల్లల నోటి మాటలూ పెద్దల గారాబమూ కలిసి పేర్లను మార్చే పద్ధతి తెలిసిన భాషాశాస్త్రజ్ఞులు దాన్ని కల్పిత వ్యుత్పత్తిగానే పరిగణిస్తారు. కేరళ క్రైస్తవులలో ప్రాంచి అనేది కూడా ఇదే పేరుకు కురచ రూపం.

ఇటలీలో ఈ పేరు ధరించినవారి వరసలో మొదట చెప్పుకోవలసిన కవి ఫ్రాంచెస్కో పెట్రార్క్. 1304 జూలై 20న అరెత్సో పట్టణంలో పుట్టి, 1341 ఏప్రిల్ 8న రోమ్ నగరంలో కవిపట్టాభిషేకం పొందిన ఆయన సానెట్ అనే పద్నాలుగు పాదాల ఛందోరూపానికి యూరప్ అంతటా ప్రతిష్ఠ కలిగించాడు. ప్రాతో పట్టణపు వర్తకుడు ఫ్రాంచెస్కో ది మార్కో దాతీనీ పునీతుడి తండ్రి వంటి వ్యాపారే. కాని 1410లో చనిపోయేటప్పుడు తన సంపదను ఊరి పేదల కోసం ఒక ధర్మసంస్థకు రాసి ఇచ్చాడు. అతని ఇంట భద్రంగా మిగిలిన సుమారు 1,50,000 ఉత్తరాలు మధ్యయుగపు వాణిజ్యచరిత్రకు అపురూపమైన ఆధారం. విజ్ఞానశాస్త్రంలో, మూతపెట్టిన పాత్రలోని మాంసంలో పురుగులు పుట్టవని 1668లో ప్రకటించిన ప్రయోగాలతో నిరూపించిన ఫ్రాంచెస్కో రేదీ, కాంతి అడ్డంకుల అంచుల దగ్గర వంగుతుందని గమనించి దానికి పేరు పెట్టిన ఫ్రాంచెస్కో మరియా గ్రిమాల్దీ ఇద్దరూ 17వ శతాబ్దపు వారే.

ఫ్రాన్స్ పేరు మీద ఇటలీలో పుట్టిన ఈ పేరు, పునీతుడి ఖ్యాతితో ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లిన తీరు చెప్పుకోదగినది. ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలోని పావొలా అనే ఊళ్లో, బిడ్డలు లేక అస్సీసీ పునీతుణ్ణి వేడుకున్న దంపతులకు 1416లో పుట్టిన కొడుకు ఫ్రాంచెస్కో, పెద్దయ్యాక సన్యసించి కొండగుహలో తపస్సు చేశాడు. ఆయన మహిమలను గురించి విన్న ఫ్రాన్స్ రాజు పదకొండవ లూయీ మరణభయంతో 1483లో ఆయనను తన కోటకు రప్పించుకున్నాడు. ఆయన 1507లో చనిపోయేవరకు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాడు. సవాయ్ వంశానికి చెందిన లూయీజ్ అనే రాకుమార్తె కొడుకు కోసం ఆయన ప్రార్థన కోరి, 1494లో పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టింది. ఆ బిడ్డే 1515 నుంచి 1547 వరకు ఫ్రాన్స్‌ను పాలించిన మొదటి ఫ్రాన్స్వా. అస్సీసీ నుంచి పావొలాకు, అక్కడి నుంచి ఫ్రాన్స్ సింహాసనానికి మూడు జన్మల వారసత్వం వలె ఆ పేరు నడిచింది. 1539లో విలేర్ కొత్రే అనే చోట ఈ రాజు జారీచేసిన శాసనం, న్యాయస్థానాల పత్రాలన్నీ లాటిన్‌లో కాక ఫ్రెంచిలో ఉండాలని ఆదేశించడంతో పాటు, పిల్లల జ్ఞానస్నానాలను చర్చి గురువులు పుస్తకాల్లో నమోదు చేయాలని కూడా నిర్దేశించింది. ‘ఫ్రెంచివాడు’ అని అర్థమిచ్చే పేరుగల రాజు ఫ్రెంచిని రాజ్యపు న్యాయభాషగా నిలబెట్టడం, ప్రజల పేర్లు కాగితమెక్కే ఏర్పాటు చేయడం ఒకే శాసనంతో జరిగాయి.

అప్పటికి ఫ్రెంచిలో పేరుకూ జాతివాచకానికీ రాతలో తేడా లేదు. రెండింటినీ ఫ్రాన్స్వా అనే వర్ణక్రమంతోనే రాసేవారు. పలుకుబడిలో జాతివాచకం ఫ్రాన్సే వైపు, పేరు ఫ్రాన్స్వా వైపు క్రమంగా విడిపోయాయి. 1835లో ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు ఆరవ కూర్పులో జాతివాచకపు వర్ణక్రమాన్ని మార్చడంతో ఆ రెండూ రాతలో కూడా వేరుపడ్డాయి. అందుచేత వియోఁ, రబెలే వంటి, అదే పేరు గల పాత రచయితల కాలంలో ఫ్రాన్స్వా అనే పేరు విన్నవారికి దేశం పేరు కూడా చెవిన పడేది. వోల్టేరుగా ప్రసిద్ధుడైన ఫ్రాన్స్వా మరీ ఆరూయే 1778లో మరణించేనాటికి కూడా పుస్తకాల్లో ఆ ముడి పూర్తిగా విడిపోలేదు.

స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఈ పేరు చిన్న సోదరుల వెంట నడిచింది. స్పెయిన్ రాజకీయాలను శాసించి, ఆల్కలా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన కార్డినల్ సిస్నేరోస్ జన్మనామం గొన్సాలో. ఫ్రాన్సిస్కన్ సభలో చేరినప్పుడు ఆ పేరు వదిలి ఫ్రాన్సిస్కో అనే పేరు తీసుకున్నాడు. సన్యాసం పుచ్చుకున్నప్పుడు పూర్వాశ్రమ నామాన్ని విడిచిపెట్టే భారతీయ సంప్రదాయం వంటిదే ఇది. 1501 అక్టోబరు 4న బ్రెజిల్ తీరాన ఒక మహానది ముఖద్వారాన్ని చేరిన పోర్చుగీసు నావికులు, ఆనాటి పండుగను బట్టి దానికి సావ్ ఫ్రాన్సిస్కో అని పేరు పెట్టారు. 1524లో మెక్సికోకు పన్నెండుమంది ఫ్రాన్సిస్కన్లు చేరి అక్కడి జనానికి జ్ఞానస్నానాలు ఇవ్వడం మొదలుపెట్టడంతో, మూలవాసుల ఇళ్లలోకి కూడా ఈ పేరు ప్రవేశించింది. 1776లో కాలిఫోర్నియాలో ఆ సభవారు అస్సీసీ పునీతుడి పేరిట నెలకొల్పిన మఠం సమీపాన పెరిగిన యెర్బా బ్వేనా అనే పల్లె, 1847లో శాన్ ఫ్రాన్సిస్కోగా పేరు మార్చుకుంది. ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలు అక్కడి అఖాతం చుట్టూ కాపురముంటున్నాయి.

ఈ వ్యాప్తిని కేవలం భక్తి కథగా చెప్పడం సత్యానికి అన్యాయం చేయడమే అవుతుంది. 1532 నవంబరులో పెరూలోని కాహమార్కా పట్టణంలో ఇన్కా చక్రవర్తి అతవాల్పాను మాయోపాయంతో బంధించి, మరుసటి ఏడాది చంపించిన దండనాయకుడి పేరు ఫ్రాన్సిస్కో పిజారో. ఆ పేరుగల పునీతుడు ఒంటిమీది బట్ట కూడా వద్దనుకున్నవాడైతే, పిజారో ఒక గదినిండా బంగారం తీసుకుని కూడా బందీని విడిచిపెట్టలేదు. ఆ విధ్వంసం జరిగిన నేల మీదనే, రాజవంశానికి చెందిన ఫ్రాన్సిస్కో తితో యుపాంకీ అనే మూలవాసి శిల్పి టిటికాకా సరస్సు ఒడ్డునున్న కోపకబానా కోసం మరియమాత విగ్రహాన్ని చెక్కాడు. 1583లో ప్రతిష్ఠ జరిగిన ఆ విగ్రహం నేటికీ బొలీవియా ప్రజల ఆరాధ్యమూర్తి. గెలిచినవారు తెచ్చిన పేరును ఓడినవారు తమదిగా చేసుకుని, దానికి పాత గౌరవాన్ని తిరిగి సంపాదించిపెట్టిన సందర్భాలలో ఇది ఒకటి.

భారతదేశానికి ఈ పేరు పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. 1505లో వచ్చిన మొదటి పోర్చుగీసు రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో ద అల్మైదా ఆ పేరును అధికారంతోను నౌకాబలంతోను కలిపి తెచ్చాడు. 1510లో గోవాను గెలుచుకున్న పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్, విజయనగర సింహాసనం ఎక్కి ఏడాది దాటని కృష్ణదేవరాయల వద్దకు గుర్రాల సరఫరా ఆశ చూపి స్నేహం కోరుతూ పంపిన దూత లూయీష్ అనే ఫ్రాన్సిస్కన్ సోదరుడు. తెలుగు కవులకు నెలవైన ఆ ఆస్థానంలో అస్సీసీ భిక్షువు శిష్యపరంపరకు చెందినవాడు అడుగుపెట్టింది రాయబారం కోసమే.

భక్తి మార్గాన ఈ పేరును దక్షిణ భారతంలో నిలబెట్టినవాడు మరొక ఫ్రాన్సిస్కో. స్పెయిన్ ఉత్తరాన నవార్ రాజ్యంలో బాస్క్ కుటుంబంలో 1506 ఏప్రిల్ 7న పుట్టి, జెస్విట్ సభ స్థాపకులలో ఒకడై, 1542 మే 6న గోవాలో దిగి, తమిళనాట ముత్యాల తీరాన పరవ జాలరుల మధ్య పనిచేసి, 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో మరణించిన ఆయన, తన ఇంటి కోట పేరుతో ఫ్రాన్సిస్కో షవియేర్ అని ప్రసిద్ధుడయ్యాడు. షవియేర్ అనేది బాస్క్ భాషలో ‘కొత్తిల్లు’ అనే అర్థం గల స్థలనామం. 1622లో ఆయనను పునీతుడిగా ప్రకటించాక ఆ స్థలనామం కూడా వ్యక్తినామమై, ఫ్రాన్సిస్కో పక్కన జంటగా నిలిచింది. పోర్చుగీసు పలుకుబడిలోని షవియేర్ తమిళ కతోలికుల నోట సవేరి, సవరి అనే రూపాలు తాల్చగా, తెలుగు కతోలికులలో శౌరి అయింది. శౌరి అనేది శూరుడి వంశంవాడనే అర్థంలో శ్రీకృష్ణుడికి తెలుగు కావ్యాల్లో ప్రసిద్ధమైన పేరు. ఎక్కడో పిరనీస్ పర్వతాల అంచున ఉన్న ఒక కోట పేరు, తెలుగు చెవికి ఇంత సొంతంగా వినబడే శబ్దంలో ఒదిగి, శౌరయ్య, శౌరమ్మ, శౌరెడ్డి అనే పేర్లుగా గుంటూరు ప్రాంతపు పల్లెల్లో వేళ్లూనింది.

ఇక రెండవ దారి. క్రైస్తవులు జెరూసలేం కోసం 11వ శతాబ్దం చివర మొదలుపెట్టిన యుద్ధాలలో ఫ్రాన్స్ నుంచి వచ్చినవారు ముందువరసలో ఉండడం వల్ల, అరబ్బులు పశ్చిమ యూరప్ వారందరినీ ఇఫ్రంజ్, ఫరంజ్ అన్నారు. పారశీకంలో అది ఫరంగీ అయింది. ఆ భాష ద్వారా భారతీయ భాషలకు చేరింది. యూరప్ పద్ధతిలో పోతపోసిన తుపాకులకు ఆ మాటే పేరైంది. బాబరు తన ఆత్మకథలో అటువంటి ఆయుధాలను ఫిరంగీలు అని పేర్కొన్నాడు. మరాఠా యోధులు వాడిన నిటారైన కత్తికి కూడా అదే పేరు. 16వ శతాబ్దపు భావప్రకాశం అనే వైద్యగ్రంథంలో, పరదేశీయుల వల్ల వ్యాపించిన సుఖరోగానికి ఫిరంగరోగం అనే పేరు కనబడుతుంది. దానికి మందుగా వాడిన చైనా వేరు తెలుగు పచారీ కొట్లలో పరంగిచెక్క అయింది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చిన బొప్పాయిని కొన్ని తెలుగు ప్రాంతాల్లో పరంగికాయ అంటారు. తెలుగులో ఫిరంగి అనే మాటకు ప్రధానమైన అర్థం కోటగోడలను పడగొట్టే ఆయుధం. మాట వెనక ఉన్న ఫ్రాంకుల జాతి మరుగునపడిపోయింది.

ఈ రెండు దారులూ ఒక్కచోట ఎదురుపడిన ఘట్టం చరిత్రలో ఉంది. 1219లో ఈజిప్టులో నైలు నది ముఖద్వారాన ఉన్న దమియెట్టా నగరాన్ని క్రైస్తవ సైన్యాలు ముట్టడించి ఉండగా, అస్సీసీ ఫ్రాంచెస్కో ఒక్క తోటి సోదరుణ్ణి వెంటబెట్టుకుని, ఆయుధం లేకుండా శత్రుశిబిరంలోకి నడిచి వెళ్లి, సలాదీన్ తమ్ముడి కొడుకైన సుల్తాను అల్ కామిల్‌ను కలిశాడు. సుల్తాను ఆయన మాటలు విని, హాని తలపెట్టకుండా సగౌరవంగా సాగనంపాడు. ఆ శిబిరంలోని సైనికుల భాషలో వచ్చినవాడు ఒక ఫరంజీ, అంటే తమ మీదికి దండెత్తినవారిలో ఒకడు. అతని పేరుకు కూడా మూలంలో అదే అర్థం. జాతివాచకంగా యుద్ధాన్ని మోస్తున్న మాటను ఆ మనిషి తన పేరుగా, శాంతికోసం, రెండు శిబిరాల మధ్య గీత దాటించాడు.

తెలుగు నేలకు ఈ పేరు ఆ తరవాత అనేక రూపాల్లో వచ్చింది. నెల్లూరు తీరాన ఆర్మగాంలో ఇంగ్లీషు వర్తకస్థావరంలో ఉండిన ఫ్రాన్సిస్ డే, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి చెన్నపట్నం స్థలాన్ని సంపాదించాడు. అదే పట్నంలో కలెక్టరుగా పనిచేసి, 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలను నడిపిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదనీ ధాతువుల సాక్ష్యంతో నిరూపించాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వెలువడడానికి 40 ఏళ్లకు ముందే జరిగిన ఆ పనికి తెలుగువారు రుణపడి ఉన్నారు. సవాయ్ ప్రాంతంలో 1567లో పుట్టి, అస్సీసీ పునీతుడి పేరే ధరించి, జెనీవా బిషప్పుగా పేరుపొందిన ఫ్రాన్స్వా ద సాల్ పేరిట 1838లో ఆన్సీ పట్టణంలో ఏర్పడిన మిషనరీ సభ, 1845లో తన మొదటి బృందాన్ని పంపింది విశాఖపట్నానికే. ఓడరేవుల్లో వర్తకుడిగా, కచేరీల్లో పండితుడిగా, బడుల్లో గురువుగా వచ్చిన ఫ్రాన్సిస్, కాలక్రమంలో తెలుగు తల్లిదండ్రులు తమ బిడ్డకు పెట్టుకునే పేరయ్యాడు.

2013 మార్చి 13న పోపుగా ఎన్నికైన హోర్హే మారియో బెర్గోలియో, అంతకుముందు ఏ పోపూ ధరించని ఈ పేరును ఎంచుకున్నాడు. ఆయన షవియేర్ సభవాడు గనుక ఆ పునీతుడి పేరు పెట్టుకున్నాడేమోనని కొందరు అనుకున్నా, ఓట్ల లెక్కింపు ఇంకా సాగుతుండగానే పక్కన కూర్చున్న బ్రెజిల్ కార్డినల్ పేదలను మరిచిపోవద్దని అనడంతో అస్సీసీ ఫ్రాంచెస్కో మనసులో మెదిలాడని ఆయనే చెప్పాడు. 2015లో భూమిని గురించి రాసిన తన లేఖకు పునీతుడి సృష్టిగీతంలోని మాటలనే శీర్షికగా పెట్టి, 2025 ఏప్రిల్ 21న మరణించేవరకు ఆ పేరుతోనే జీవించాడు. ఇటలీ మూలాలు గల అర్జెంటీనా మనిషి, రోమ్ పీఠం ఎక్కుతూ ‘ఫ్రెంచివాడు’ అనే పేరు పెట్టుకుంటే, ఆ పేరుకు ఫ్రాన్స్‌తో ఉన్న సంబంధం ఎవరికీ గుర్తుకు రాలేదు. అందరూ విన్నది పేదవాడు అనే మాటే. వర్తకుడు పియెత్రో ఇచ్చిన అర్థాన్ని అతని కొడుకు జీవితం అంతగా తుడిచివేసింది.

తెలుగు నిఘంటువులో ఫిరంగి ఒక పుటలో ఉంటుంది. తెలుగు కతోలిక విచారణల (పారిష్‌ల) జ్ఞానస్నాన పుస్తకాల్లో ఫ్రాన్సిస్ మరొక పుటలో ఉంటాడు. గుంటూరు జిల్లాలోని ఫిరంగిపురం తెలుగు కతోలికుల ముఖ్యకేంద్రాలలో ఒకటి కనుక, అక్కడ అక్టోబరు 4న పునీత ఫ్రాన్సిస్‌ను స్మరించే వేళ, ఊరి పేరులో ఒక మాటా, పునీతుడి పేరులో ఒక మాటా పక్కపక్కనే పలుకుతాయి. రైన్ నది ఒడ్డున పదిహేడు వందల ఏళ్ల కిందట పుట్టిన మాట నుంచి విడివడి, ఒకటి ఆయుధానికీ మరొకటి ఆయుధం పట్టని మనిషికీ పేరైన ఆ రెండూ ఒకే ఇంటి మాటలు.